పెద్దవంగరకు చేరని కబురు

మా జనగామ చుట్టుపక్కల మనిషి పోతే చుట్టాల కన్నా ముందు ఫోను వెళ్లేది జగపతి ఆఫీసుకు. శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె, శ్మశానానికి తీసుకెళ్లే బండి, టెంటు, కుర్చీలు అన్నీ ఆయనే పంపుతాడు. రెండేళ్ల కిందట దీనికి ఒక వెబ్ పేజీ కూడా తోడయింది. పోయినవారి పేరు, ఊరు, ఎత్తే సమయం రాసి చుట్టాల నంబర్లు ఇస్తే, ఆ పేజీ అందరికీ మెసేజ్ పంపుతుంది. దాన్ని రాసిన అమ్మాయి ఎస్తేరు. డిగ్రీలో నా దగ్గర కంప్యూటర్స్ చదువుకుంది.

నేను క్లాసులో అరుస్తాను. అరవకపోతే నా మాట నాకే వినపడదు, మా వెనక బెంచీలు అలాంటివి. ఎస్తేరు మాత్రం నేను అరిచినప్పుడల్లా రాసుకోవడం ఆపి నా మొహం వంక చూసేది. "మేడమ్, గంత కోపం దేనికి? సమజైంది మాకు" అని ఒకసారి అననే అంది. నాకు నవ్వొచ్చింది. అప్పటినుంచి ఆ పిల్ల అంటే నాకొక ఇష్టం.

ఆ పేజీ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే జరిగింది అర్థం కాదు, అందుకని రెండు ముక్కలు చెబుతాను. వెబ్ పేజీ తనంతట తాను మెసేజ్ పంపలేదు. ఇంకెక్కడో ఉన్న కంప్యూటర్‌ను, అంటే ఒక సర్వీసును, ఫలానా నంబరుకు ఈ మాట చేర్చమని అడగాలి. అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడితే పేజీ బిగుసుకుపోతుంది, ఎక్కడ నొక్కినా పలకదు. అందుకని అడగడం అడిగేసి తన మిగతా పని చూసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే రాసి పెడతాం. దీన్ని అసింక్రనస్ అంటాం. పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపు కూర తరుక్కోవడం లాంటిదే. ఆ జవాబు సరే అని రావచ్చు, కుదరదని రావచ్చు, అసలు రాకపోవచ్చు. మూడింటికీ రాయండర్రా అని ఏటా గొంతు చించుకుంటాను. పరీక్షలో అందరూ రాస్తారు, ఉద్యోగంలో ఎగ్గొడతారు.

ఎస్తేరు ఎగ్గొట్టలేదు. మొదట ఆ పేజీలో జవాబు వచ్చేదాకా ఒక చిన్న చక్రం తిరిగేది. జగపతికి అది నచ్చలేదు. దేవరుప్పుల దిక్కు భూములున్న ఇంటి మనిషి, ఒకసారి ఎలక్షన్లో గెలిచినవాడు, ఏదైనా టక్కున అయిపోవాలి ఆయనకు. "సావు ఇంటోళ్లు ఏడ్సుకుంట వస్తరు. వాళ్ల ముంగట గీ చక్రం తిరుగుడేంది? ఒత్తంగనే అయిపోయినట్టు చూపెట్టు" అన్నాడు. ఎస్తేరు కాసేపు వాదించింది, తర్వాత మార్చేసింది. బటన్ నొక్కగానే పచ్చటి టిక్కు పడి, కింద 'అందరికీ కబురు చేరింది' అని కనిపించేలా రాసింది. అప్పటికి ఒక్క నంబరుకు కూడా జవాబు వచ్చి ఉండదు. నేను ఆమెను వెనకేసుకురావడం లేదు. చెప్పింది ఆయనే అయినా రాసిన చేయి ఆమెది.

ఆ ఉద్యోగం ఆమె తండ్రి దుర్గయ్యకు మొదటినుంచీ కిట్టలేదు. కిట్టకపోవడానికి ఆయనకు కారణం ఉంది. వాళ్ల ఊళ్లో పెద్దిళ్లలో ఎవరు పోయినా చుట్టాల ఊళ్లకు కాలినడకన వెళ్లి చెప్పి రావడం దుర్గయ్య తండ్రి పని. ఆ పనికి పేరు వెట్టి. కూలి లేదు, కాదనడానికి లేదు. పసివాడిగా దుర్గయ్య తండ్రి వెంట తిరిగేవాడు. గేటు బయట ఎండలో నిలబడి, చెప్పులు చేతబట్టుకుని, లోపలివాళ్లకు వినబడేలా చావు కబురు కేక వేసి చెప్పాలి. దాహమైతే దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. తండ్రికి కాళ్లు పనిచేయకుండా పోయాక దుర్గయ్యను వెళ్లమన్నారు. ఆయన పోనన్నాడు. ఆ ఏడాది ఊళ్లో ఎవరూ ఆ ఇంటికి కూలిపని ఇవ్వలేదు. ఆయన వరంగల్ పోయి సుతారి పని నేర్చుకుని, గోడలు కట్టి ఇల్లు నిలబెట్టుకున్నాడు. మా ఇంట్ల ఇంకెవ్వరు సావు కబురు మొయ్యరని అప్పుడు అన్న మాట ఊరంతా విన్నది. ఇదంతా ఎప్పుడో తాతల కాలం సంగతి అనుకునేవాళ్లకు చెబుతున్నాను, దుర్గయ్య నాకంటే పదేళ్లే పెద్ద.

అలాంటి మనిషి కూతురు చదువుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని చావు కబుర్లు పంపే ఉద్యోగంలో చేరింది. "నేను ఇడిసిపెట్టిన పని నువ్వు మళ్ల నెత్తినెత్తుకున్నవా బిడ్డా" అని ఒక్కసారే అన్నాడట. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. అదే ఇంట్లో, అదే అన్నం. కూతురు ఆఫీసు సంగతి మొదలుపెడితే లేచి చెయ్యి కడుక్కునేవాడు.

మిరపకాయలు ఏరే రోజులవి. పొద్దున్నే ఆఫీసుకు మంగ్యా వచ్చాడు. దేవరుప్పుల దగ్గర తండా ఆయనది. తల్లి ద్వాళి తెల్లవారుజామున జనగామ దవాఖానలో పోయింది. ఆయన నంబర్లు చెబుతుంటే ఎస్తేరు కొట్టుకుంటూ పోయింది. ముందు తండా పెద్దమనుషులు, తర్వాత అన్నదమ్ముల వరస, మేనమామలు, వియ్యాలవారు. అంతా అయిందని లేచి తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి వచ్చాడు.

"ఇంకొక్కటి రాయి. మంగ్లీ" అన్నాడు. ఫోను చూడకుండా నంబరు చెప్పాడు.

"ఎవరు అన్నా ఆమె?"

"మా చెల్లె. పెద్దవంగర పక్క తండాల ఉంటది. మాకు మాటల్లేవు. నేనైతే ఫోన్ జెయ్య. గిది పోతె సాలు, పిలువలేదన్న మాట రాదు."

తల్లి పేరున ఉన్న భూమిలో చెల్లెలు వాటా అడిగింది. ఆడపిల్లకు భూమేందని ఈయన, మా యాడి భూమి నాకు లేదా అని ఆమె. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాటల మీద రాకపోకలు బందయ్యాయి. న్యాయం ఎవరిదో నాకు తెలుసు గానీ నన్నెవరూ అడగలేదు. ఎస్తేరు బటన్ నొక్కింది. పచ్చటి టిక్కు పడింది. మంగ్యా వంగి తన కళ్లతో చూసుకుని, పెట్టె ఎక్కించిన బండిలో వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఆయనే ఫోను చేశాడు. పెట్టె వాపసు తీసుకెళ్లడానికి బండి పంపమన్నాడు.

"అందరొచ్చిన్రా అన్నా?" అని మర్యాదకు అడిగింది ఎస్తేరు.

"రావాల్సినోళ్లు వచ్చిన్రు. ఒక్కతి రాలే. కన్నతల్లి సచ్చిందని చెప్పినా రానిదానికి ఇంకేం ఆగుతం? ఎత్తుతున్నం."

ఆ ఒక్కతి మంగ్లీయేనని ఎస్తేరుకు తట్టింది. వెంటనే సర్వీసు పంపిన జవాబులు తెరిచి చూసింది. అన్నీ వచ్చి ఉన్నాయి, చూసినవాళ్లు లేరు అంతే. ఒక్కసారిగా అన్ని నంబర్లు పంపేసరికి సర్వీసు కొన్ని తీసుకుని, చివరివి కుదరదని తిప్పికొట్టింది. ఆ చివరివాటిలో మంగ్లీ ఉంది. మిగతావాళ్లకు ఎవరో ఒకరు ఫోను చేసి చెప్పుకున్నారు. మంగ్లీకి చేసేవాళ్లు లేరు.

పాత రోజులవి కూడా తిరగేసింది. మెసేజ్ చేరని చోటల్లా జాబితా చివరన ఆడబిడ్డలే ఉన్నారు. మా దగ్గర ఎవరిని చెప్పమన్నా ముందు పెద్దమనుషులను, తర్వాత మగవాళ్లను చెప్పి, ఇచ్చేసిన ఆడపిల్లలను ఆఖరున గుర్తు చేసుకుంటారు. సర్వీసుకు ఆ లెక్క తెలియదు, చివరివి వదిలేయడమే తెలుసు. ఈ మాట విన్నప్పుడు నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక చేతిలో ఉన్న బెండకాయ విరిచాను.

ఎస్తేరు ఇంకో ఆలోచన పెట్టుకోలేదు. మంగ్యాకు ఫోను చేసింది.

"అన్నా, ఎత్తకుండ్రి. ఆమెకు కబురు పోలే. తప్పు మాది."

"నేను చూడలేదా? పచ్చగ టిక్ పడ్డది. ఆమెను ఎనకేసుకొస్తున్నవా?"

"ఒట్టు అన్నా. పోకముందే పోయినట్టు చూపెట్టింది మా పేజీ. జర ఆగుండ్రి, నేను పిలిపిస్త."

ఫోనులో మంగ్యా వెనక ఏడుపులు వినిపించాయి. "ఎండ తిరిగేదాంక చూస్త. అటెన్క నా చేతుల లేదు, పెద్దమనుషులున్నరు" అని పెట్టేశాడు.

మంగ్లీకి చేస్తే ఫోను బంద్. మళ్లీ చేసింది, బంద్. మెసేజ్ మళ్లీ పంపింది, బందైన ఫోనులో అది ఎవరికి కనబడుతుంది? జగపతి అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కటి పోకుంటె ఏమాయె? తప్పు మనదని నువ్వే డప్పు కొడితె రేపు మన గడప ఎవడు తొక్కుతడు?" బండ్లు కూడా అన్నీ బయట ఉన్నాయన్నాడు. అది నిజమే. ఎస్తేరు చెప్పులేసుకుని మెట్ల మీదికి వచ్చి, తండ్రికి ఫోను చేసింది. ఆ పూట ఆయన జనగామలోనే ఒక గోడ కడుతున్నాడు.

"నాయినా, బండి తీస్కొని రా. పెద్దవంగర పోవాలె."

"ఏంటికి?"

అబద్ధం చెప్పడానికి చాలా దారులున్నాయి. ఆమె చెప్పలేదు. "ఒకామె తల్లి సచ్చిపోయింది. ఆమెకు ఎరుక లేదు. నా వల్లనే. పోయి చెప్పాలె" అంది. ఆయన ఫోను పెట్టేశాడు. ఇక రాడని ఆమె బస్టాండుకు బయలుదేరబోతుంటే బండి వచ్చి ఆగింది. చేతుల మీద సిమెంటు అలాగే ఉంది. ఇంజను ఆపకుండా, "కూసో" అన్నాడు.

దేవరుప్పుల దాటారు, పాలకుర్తి దాటారు. ఎండ నడినెత్తి మీదినుంచి జరుగుతోంది. ఎస్తేరు వెనక కూర్చుని ఆకాశం వంక చూస్తూ, ఈ వేళకు ఎత్తి ఉంటారా అని అదే అనుకుందట. పెద్దవంగర పక్క తండాలో మంగ్లీ ఇంటికి తాళం ఉంది. అరుగు మీది ముసలామె, "మిరపకాయ ఏరవోయిన్రు. ఫోనా? పోరగాండ్లు ఆడి ఆడి బంద్ జేసి పారేసిన్రు" అని చేను దారి చూపించింది.

చేనంతా ఎర్రగా ఉంది. వరసల్లో వంగి ఏరుతున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. ఒడ్డు మీద నిలబడ్డ ఎస్తేరుకు నోరు రాలేదు. రెండేళ్లుగా వేల మందికి చావు కబురు పంపిన పిల్ల అది. 'పరమపదించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము' అనే వాక్యం తనే రాసింది, పేరు పడాల్సిన చోట ఖాళీ వదిలింది. ఆ వాక్యం మనిషి మొహం చూసి అనడానికి పనికిరాదని అక్కడ తెలిసిందట.

దుర్గయ్య కూతురి వంక చూశాడు. బండి స్టాండు వేసి, చెప్పుల కాళ్లతోనే చేనులోకి నడిచాడు.

"మంగ్లీ ఎవరమ్మా?"

ఒకామె లేచి నిలబడింది.

"కూసో బిడ్డా" అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయనే ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు ఆమె కూడా కూర్చుంది. "మీ యాడి పొద్దుగాల పోయింది. మీ అన్న నిన్ను పిలిపిచ్చిండు. పోదాం పా."

మంగ్లీ అరిచిన అరుపుకు ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. కళ్లు తుడుచుకోబోయి ఆగిపోయింది, చేతుల నిండా మిరప ఘాటు. నీళ్లు చెంపల మీద కారిపోతుంటే రెండు చేతులూ దూరంగా పెట్టుకుని ఏడ్చింది. దుర్గయ్య భుజం మీది తువ్వాల తీసి, పిల్లకు తుడిచినట్టు ఆమె మొహం తుడిచాడు.

"మా అన్న పిలిచిండా? ఆయన కాడ నా నంబరు ఎక్కడిది?" అంది మంగ్లీ.

"ఫోన్ చూడకుంటనే చెప్పిండక్కా. నోటికొచ్చు" అంది ఎస్తేరు.

తల్లి పోయిందన్న మాటకన్నా ఆ మాటకే మంగ్లీ ఎక్కువ ఏడ్చింది.

ముగ్గురూ ఒకే బండి మీద వెనక్కి బయలుదేరారు. తండా మలుపు దగ్గరికి వచ్చేసరికి డప్పులు వినిపించాయి. దుర్గయ్యకు ఆ దెబ్బ తెలుసు. "ఎత్తిన్రు" అని ఒక్క మాట అని బండి ఇంకా జోరు చేశాడు. ఎస్తేరు కళ్లు మూసుకుంది. పాడె తండా దాటి కాష్టం దారి పట్టింది. దుర్గయ్య బండిని దారికి అడ్డంగా తీసుకెళ్లి నిలిపాడు. డప్పులు ఆగిపోయాయి.

ముందు నిప్పుకుండ పట్టుకుని మంగ్యా. చెల్లెల్ని చూసి ఆయన మొహం గట్టిపడింది. "ఇప్పుడొస్తివా?" అన్నాడు. వెనకనుంచి ఎవరో, పొద్దు పోతున్నది నడువుండ్రి, అన్నారు.

ఎస్తేరు బండి దిగి వాళ్లిద్దరి మధ్యకు వెళ్లింది. "అన్నా, ఆమెకు అస్సలు ఎరుక లేదు. చేనుల ఉన్నది. చేరిందని నీకు చూపెట్టిన మాట అబద్ధం. అది నేను రాసిన. తిడితె నన్ను తిట్టుండ్రి" అంది, అందరికీ వినబడేలా.

మంగ్యా ఆమెను చూశాడు, చెల్లెలి ఎర్రటి చేతులు చూశాడు. "మరి ఎవరు చెప్పిన్రు?"

"నేను చెప్పిన" అన్నాడు దుర్గయ్య.

మంగ్యా కుండ పక్కవాడికిచ్చి, పాడె దింపమన్నాడు. పెద్దమనుషుల్లో ఒకరు, ఎత్తినంక దింపొద్దన్నారు. ఆయన వినలేదు. తనే వంగి తల్లి మొహం మీది గుడ్డ తీశాడు. మంగ్లీ తల్లి పక్కన దుమ్ములో పడిపోయింది. చేతుల ఘాటు అంటకుండా మోచేతులతో తల్లి తలను దగ్గరికి తీసుకుంది, చెంపకు చెంప ఆనించింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి మంగ్యా చెల్లెలి పక్కన కూర్చున్నాడు.

"పొద్దటిసంది నిన్ను తిట్టుకుంటనే ఉన్ననే" అన్నాడు. "సచ్చిన యాడి ముంగట కూసుండి నిన్ను తిట్టిన."

ఇంతవరకు చెప్పి ఎస్తేరు మా వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చింది. ఆ మర్నాడే పేజీ మార్చేసింది. ఇప్పుడు ప్రతి పేరు పక్కన, అవతలినుంచి జవాబు వచ్చేదాకా 'ఇంకా చేరలేదు' అనే ఉంటుంది. తిప్పికొడితే ఎర్రగా కనిపించి, ఎవరైనా ఫోను చేయమని అడుగుతుంది. జగపతి గొణిగాడు. ఇట్లయితేనే పని చేస్తానంది. ఆయన ఊరుకున్నాడు. నేను ఆమె చేసిన తప్పును వచ్చే బ్యాచికి పాఠంగా చెబుతానంటే, పేరుతో సహా చెప్పమంది.

ఆ రోజు కాష్టం అంటుకున్నాక తండ్రీకూతుళ్లు ఇంటిముఖం పట్టారు. కొంతదూరం పోయాక ఎస్తేరు ఉండబట్టలేక అడిగిందట.

"నాయినా, సావు కబురు మొయ్యనంటివి గదా. నా వల్ల నీ మాట పాయె."

దుర్గయ్య బండి నెమ్మది చేశాడు.

"గది వెట్టి బిడ్డా. గిది నీ పని. నీ పనికి నేను రాకుంటె ఎవరొస్తరు?"